దేశం దాటేవారి డబ్బు: నియమాలు, ఆ నియమాల పేరిట మోసాలు

జిల్లా కేంద్రంలో జరిగిన విశ్రాంత ఉద్యోగుల నెలవారీ సమావేశంలో, విదేశీ మారకం విభాగంలో పనిచేసి పదవీ విరమణ పొందిన ఒక బ్యాంకు అధికారి చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయిన సభ్యుల కోసం రికార్డింగు విని రాశాం.

పెద్దలందరికీ నమస్కారం. ఈ హాలులో కూర్చున్నవారిలో ఉపాధ్యాయులు ఉన్నారు, రెవెన్యూలో చేసినవారు ఉన్నారు, నీటిపారుదల శాఖవారు ఉన్నారు, బ్యాంకులవాళ్ళమూ కొందరం ఉన్నాం. మీలో జీవితంలో ఒక్కసారైనా టి.ఏ. బిల్లు పెట్టనివారు ఎవరైనా ఉన్నారా? ఉండరు. క్యాంపుకు వెళ్ళి రావడం, బస్సు టికెట్లు జాగ్రత్తగా దాచుకోవడం, బిల్లు రాసి పై అధికారి సంతకం కోసం ఎదురుచూడడం మనకు ముప్పై ఏళ్ళ అలవాటు. అందుచేత ట్రావెల్ అలవెన్స్ అనే మాట చెవిన పడగానే మనకు ప్రయాణ భత్యమే గుర్తుకొస్తుంది. అంటే ప్రయాణం చేసేవాడికి ఎవరో ఒకరు ఇవ్వవలసిన డబ్బు. ఈ మాటనే ముందుగా ఎందుకు ఎత్తుకున్నానంటే, ఇవాళ నేను చెప్పబోయే మోసంలో సగం ఈ ఒక్క మాట మీదే నిలబడి ఉంది. ఫోన్లో పరిచయమైనవాడు, ట్రావెల్ అలవెన్స్ లేదని నన్ను విమానాశ్రయంలో ఆపేశారు, డబ్బు పంపండి అంటాడు. అదీ ఆ మోసం.

విదేశీ మారకద్రవ్యం చట్టాల్లో అలవెన్స్ అంటే భత్యం కాదండీ. అక్కడ ఆ మాటకు అనుమతించిన మొత్తం అని అర్థం. దేశం విడిచి వెళ్ళే మనిషి తన సొంత డబ్బుతో, తన దేశపు బ్యాంకులో, ఎంతవరకు డాలర్లో పౌండ్లో కొనుక్కోవచ్చునో ప్రభుత్వం ఒక హద్దు గీస్తుంది. ఆ హద్దు పేరే ట్రావెల్ అలవెన్స్. ఇంతకు మించి తీసుకుపోకూడదు అని చట్టం అంటుంది. ఇంత లేకపోతే కదలనివ్వరు అని మోసగాడు అంటాడు. ఈ రెండు వాక్యాలనూ ఒకసారి పక్కపక్కన పెట్టుకుని చూడండి. చట్టం చెప్పేది పై హద్దు, మోసగాడు చెప్పేది కింది హద్దు. నేను మాట్లాడబోయేదంతా ఈ తేడా చుట్టూనే తిరుగుతుంది కనుక దీన్ని మళ్ళీ మళ్ళీ గుర్తుచేస్తాను, విసుక్కోవద్దు.

అసలు ఇటువంటి హద్దులు ఎందుకు వచ్చాయి? దేశం దగ్గర విదేశీ డబ్బు తక్కువగా ఉన్నప్పుడు వచ్చాయి. మన దగ్గర ఫెరా, అంటే విదేశీ మారకద్రవ్య నియంత్రణ చట్టం, నడిచిన రోజులు మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. విదేశానికి వెళ్ళాలంటే పి-ఫారం అని ఒకటి ఉండేది, దానికి రిజర్వు బ్యాంకు అనుమతి కావాలి. 1960లలో పై చదువులకు అమెరికా వెళ్ళిన మన తెలుగు డాక్టర్లు, ఇంజనీర్లు ఎనిమిది డాలర్లతో దిగామని ఇప్పటికీ చెప్పుకుంటారు. అది వాళ్ళ పేదరికం గురించిన మాట అని పిల్లలు అనుకుంటారు కానీ, ఇంట్లో డబ్బున్నవాడికి కూడా అంతకు మించి చేతికిచ్చేవారు కాదు. ఇది పేద దేశాల సంగతే అనుకోకండి. మనల్ని ఏలిన బ్రిటన్‌లోనే 1966లో, పౌండు కష్టాల్లో ఉన్నప్పుడు, సెలవులకు విదేశాలకు పోయేవాళ్ళు మనిషికి 50 పౌండ్లకు మించి తీసుకుపోకూడదని నిబంధన పెట్టారు. 1970 దాకా అది నడిచింది. మారకం మీద ఆంక్షలన్నీ అక్కడ పూర్తిగా పోయింది 1979లో. ఎనిమిది డాలర్లయినా, యాభై పౌండ్లయినా, అవి పై హద్దులే. ఎనిమిది డాలర్లు చూపించకపోతే విమానం ఎక్కనివ్వమని ఆనాడు ఎవరూ అనలేదు.

ఇప్పుడు మన దేశంలో ఏముంది? 1999లో ఫెరా స్థానంలో చేసిన ఫెమా, అంటే విదేశీ మారకద్రవ్య నిర్వహణ చట్టం, 2000 జూన్ 1 నుంచి అమలులోకి వచ్చింది. దాని కింద 2004 ఫిబ్రవరిలో సరళీకృత చెల్లింపుల పథకం మొదలైంది. దాన్ని బ్యాంకులో అందరం ఎల్.ఆర్.ఎస్. అనే పిలుస్తాం. మొదట్లో ఏడాదికి 25,000 డాలర్లు. పెంచుతూ వచ్చారు, 2013లో రూపాయి పడిపోయినప్పుడు 75,000కు కుదించారు, మళ్ళీ పెంచి 2015లో 2,50,000 డాలర్లు చేశారు. ఇప్పుడూ అంతే. ఏప్రిల్ నుంచి మార్చి వరకు ఒక మనిషి విహారానికి, చదువుకు, వైద్యానికి, బహుమతికి, అన్నిటికీ కలిపి ఇది హద్దు. ఎ-2 అనే ఫారం మీద ఎందుకోసమో రాసి సంతకం పెట్టాలి.

మీలో చాలామంది పిల్లల దగ్గరికి వెళ్ళివచ్చేవారే కనుక ఇంకో రెండు మూడు ముక్కలు చెప్పి ముందుకు పోతాను. కరెన్సీ నోట్ల రూపంలో, కొన్ని దేశాలకు ఇచ్చిన సడలింపులు తప్పిస్తే, ఒక ప్రయాణానికి 3,000 డాలర్ల వరకే ఇస్తారు. మిగతాది విదేశీ డబ్బు నింపుకునే ఫారెక్స్ కార్డులో వేసుకోవాలి. ఆ డాలర్లు కొనడానికి 50,000 రూపాయల వరకే నగదు తీసుకుంటారు, ఆపైన చెక్కో కార్డో ఉండాలి. మన రూపాయలు 25,000 వరకు వెంట తీసుకుపోవచ్చు. తిరిగి వచ్చాక మిగిలిన విదేశీ డబ్బును 180 రోజుల్లోగా బ్యాంకులో మార్చేయాలి; 2,000 డాలర్ల దాకా మళ్ళీ ప్రయాణానికని దగ్గర ఉంచుకోవచ్చు. వచ్చేటప్పుడు నోట్లు 5,000 డాలర్లు దాటినా, అన్నీ కలిపి 10,000 డాలర్లు దాటినా కస్టమ్స్ వారికి డిక్లరేషన్ రాసివ్వాలి. రాసివ్వడానికి పైసా ఖర్చు లేదు. అమెరికాలో 10,000 డాలర్లు దాటితే, యూరప్‌లో 10,000 యూరోలైతే, బ్రిటన్‌లో 10,000 పౌండ్లైతే ఇదే పద్ధతి. డబ్బు ఎక్కువగా ఉన్నవాడు చెప్పి వెళ్ళాలి. తక్కువ ఉన్నవాణ్ణి ఆపే నియమం ఇందులో ఏదీ లేదు.

పన్నుల మాటేమిటి అని వెనక వరుసలో ఒకరు అడుగుతున్నారు. మంచి ప్రశ్న. మన దగ్గర 1979 నుంచి విదేశీ ప్రయాణ పన్ను అని ఒకటి ఉండేది. చివరి రోజుల్లో అది 500 రూపాయలు, పొరుగు దేశాలకైతే 150. 2004లో దాన్ని ఎత్తివేశారు. ఇప్పుడు విమానాశ్రయ రుసుములన్నీ టికెట్‌లోనే కలిసి వస్తాయి. టి.సి.ఎస్. అనేది ఒకటుంది, అంటే డబ్బు పంపేటప్పుడే ముందుగా పట్టుకునే పన్ను; 2025 ఏప్రిల్ నుంచి, బ్యాంకు ద్వారా విదేశానికి పంపేది ఏడాదికి 10 లక్షల రూపాయలు దాటితే ఆ పైమొత్తం మీద వర్తిస్తుంది. దాన్ని బ్యాంకే పట్టుకుంటుంది, మన పాన్ మీద జమ అవుతుంది, రిటర్నులో లెక్కకు వస్తుంది. ఎవరి సొంత ఖాతాలోకీ అది పోదు.

ఇప్పుడు నైజీరియాకు వెళదాం. ఎందుకంటే బి.టి.ఏ., పి.టి.ఏ. అనే అక్షరాలు మోసగాళ్ళ ఉత్తరాల్లోకి అక్కడి నిజమైన నియమం నుంచే వచ్చాయి. అక్కడి కేంద్ర బ్యాంకు సొంత పని మీద వెళ్ళేవాడికి మూడు నెలలకు 4,000 డాలర్లు, వ్యాపారం మీద వెళ్ళేవాడికి 5,000 డాలర్లు కొనుక్కునే వీలు కల్పించింది. మొదటిదాన్ని పర్సనల్ ట్రావెల్ అలవెన్స్ అంటారు, రెండోదాన్ని బిజినెస్ ట్రావెల్ అలవెన్స్ అంటారు. ఇది అక్కడివాళ్ళకు ఒక సదుపాయం. బజారులో డాలరు రేటు బ్యాంకు రేటు కన్నా ఎక్కువగా ఉండే దేశంలో, ప్రయాణికుడు వీసా, టికెట్ చూపించి, తన దేశపు డబ్బు నైరాలు కట్టి, బ్యాంకులో డాలర్లు తీసుకుంటాడు. 2024 ఫిబ్రవరిలో దీన్ని నోట్ల రూపంలో ఇవ్వడం కూడా ఆపేసి, కార్డుల వంటి మార్గాల్లోనే ఇవ్వాలని అక్కడి కేంద్ర బ్యాంకు ఆదేశించింది. గమనించారా? ఎక్కడా బయటివాడు డబ్బు పంపాలన్న మాట లేదు. చూపించకపోతే విమానాశ్రయంలో ఆపుతారన్న మాటా లేదు. ఒక దేశం తన పౌరులకు ఇచ్చిన కొనుగోలు హక్కును పట్టుకుని, దానికి బేసిక్ ట్రావెల్ అలవెన్స్ అని కొత్త పేరు తగిలించి, అది కట్టవలసిన బాకీ అన్నట్టు చూపిస్తున్నారు. ఇదే కథను మోసగాళ్ళు ఘనా నుంచి చెబుతారు, రష్యా నుంచి చెబుతారు, మలేషియా నుంచి చెబుతారు. దేశం పేరు మారుతుంది, ముద్ర మారుతుంది, కథ మారదు.

ఈ మాట చెబుతూ ఇంకొకటి కూడా చెప్పాలి. ఆ దేశంలో కోట్లమంది కష్టపడి బతికే మనుషులున్నారు. మన పేరు వినగానే నకిలీ కాల్ సెంటర్లు గుర్తుకొస్తున్నాయని బయటి దేశాలవారు అంటే మనకెంత బాధ కలుగుతుందో, నైజీరియా అనగానే మనం మోసం అంటే వాళ్ళకూ అంతే. మనకు చేరే ఉత్తరం వెనక ఉన్నవాడు ఏ దేశం వాడో మనకు తెలియదు. చాలాసార్లు మన దేశంలోనే కూర్చుని ఉంటాడు. డబ్బు చేరే ఖాతా మాత్రం దాదాపు ఎప్పుడూ మన దేశంలోదే.

నా ఉద్యోగం చివరి సంవత్సరాల్లో జరిగిన ఒక సంగతి చెబుతాను. ఆమెను ఎవరూ గుర్తుపట్టకూడదని కొన్ని వివరాలు మార్చాను. ఒక రిటైర్డ్ ఉపాధ్యాయిని, భర్త లేరు, పిల్లలు దూరంగా ఉంటారు. నేను ఫారెక్స్ కౌంటర్ చూస్తున్న శాఖకు వచ్చి, విదేశానికి రెండు వేల చిల్లర డాలర్లు పంపాలన్నారు. ఎ-2 ఫారం పొందికగా నింపారు, ఎంత అందమైన చేతిరాతో. కారణం దగ్గర బహుమతి అని రాశారు. బంధువా అమ్మా అని అడిగాను. కుటుంబ స్నేహితుడు అన్నారు. కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయి, హద్దు లోపలే ఉంది, చట్టం ప్రకారం అభ్యంతరం లేదు. పంపించాను. మూడు వారాలకు మళ్ళీ వచ్చారు, ఈసారి ఇంకొంచెం పెద్ద మొత్తం. ఆమె చేతిలో ఒక ప్రింటవుట్ ఉంది. ఇలా ఇవ్వండమ్మా, చూస్తాను అన్నాను.

అందులో గద్ద బొమ్మతో ఒక ముద్ర, కింద రెండు సంతకాలు. ఫలానా ఇంజనీరు, చమురు కంపెనీలో కాంట్రాక్టు ముగించుకుని భారతదేశం బయలుదేరుతూ ఉండగా, బేసిక్ ట్రావెల్ అలవెన్స్ పూర్తిగా లేనందున విమానాశ్రయంలో నిలిపివేయబడ్డాడని, మొదటి వాయిదా అందిందని, మిగతా సొమ్ము 48 గంటల్లో అందకపోతే పాస్‌పోర్టు స్వాధీనం చేసుకుంటామని రాశారు. ఆయనతో ఆమెకు పరిచయం ఏడు నెలలు. రోజూ పొద్దున మాట్లాడేవాడట. మందులు వేసుకున్నారా అని అడిగేవాడట. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె కళ్ళు కిందికి దించుకున్నారు. ఏడు నెలలుగా మందుల సంగతి అడిగినవాడు ఆయనొక్కడే అయితే, ఆ మనిషి విమానాశ్రయంలో ఇరుక్కుపోయాడని వింటే ఎవరి గుండె కొట్టుకోదు చెప్పండి?

నేను ఆమెకు అలవెన్స్ అంటే ఏమిటో చెప్పాను. పై హద్దు, కింది హద్దు, ఇప్పుడు మీకు చెప్పినట్టే. ఆమె శ్రద్ధగా విన్నారు. నలభై ఏళ్ళు పాఠం చెప్పిన మనిషి కదా, అర్థమైంది కూడా. ఆ రోజు డబ్బు పంపకుండానే వెళ్ళిపోయారు. నేను ఒక ప్రాణిని కాపాడానని అనుకుని ఇంటికి పోయాను. నెల తర్వాత ఆమె ఫిక్స్‌డ్ డిపాజిట్లు రెండు గడువుకు ముందే రద్దయ్యాయని, ఆ డబ్బు చిన్న చిన్న మొత్తాలుగా ఉత్తర భారతంలోని సేవింగ్స్ ఖాతాలకు పోయిందని తెలిసింది. బ్యాంకువాళ్ళు ఇలాగే అడ్డుపడతారు, ఆ దారిలో వద్దు, ఈ ఖాతాలకు వేయండి అని అతను ముందే నేర్పి పెట్టాడు. మొదటిసారి ఆమె వచ్చినప్పుడు నేను ఫారం చూశాను, మనిషిని చూడలేదు. అప్పుడే ఇంకో పది నిమిషాలు కూర్చోబెట్టి అడిగి ఉంటే ఏమయ్యేదో అన్న ఆలోచన నన్ను ఇప్పటికీ వదలలేదు. మీ ముందు ఈ ప్రసంగం చేయడానికి ఒప్పుకున్నది అందుకే.

ఆ ఉత్తరాన్ని ఒకసారి తర్కంతో చూద్దాం. నైజీరియా ప్రభుత్వానికి కట్టవలసిన సొమ్ము మన ఢిల్లీ శివారులో ఎవరో వ్యక్తి సేవింగ్స్ ఖాతాలోకి ఎందుకు పోవాలి? ఏ దేశపు ఖజానా అయినా వ్యక్తి పేరున యు.పి.ఐ. ఐడీ పెట్టుకుని కూర్చుంటుందా? సరే, ప్రయాణికుడు తన దగ్గర ఇంత డబ్బు ఉందని చూపించడమే నియమం అనుకుందాం. అప్పుడు ఆ డబ్బు చూపించాక అతని జేబులోనే ఉండాలి కదా? చేరిన మర్నాడు ఆమెకు తిరిగి ఇచ్చేయవచ్చు కదా? మరి రెండో వాయిదా ఎందుకు అడుగుతున్నాడు? చూపించే డబ్బు ఖర్చు కాదు. ఖర్చయిపోయింది అంటే అది చూపించడానికి అడిగిన డబ్బు కాదు. అమెరికా విదేశాంగ శాఖ కూడా తన పౌరులకు ఇటువంటి పరిచయాల గురించి ఏళ్ళ తరబడి హెచ్చరికలు చేస్తూనే ఉంది. అంటే ఈ ఉచ్చులో పడేది మన పల్లెటూరి మనుషులో, ఇంగ్లీషు రానివాళ్ళో కాదు. చదువుకున్నవారు, ఒంటరిగా ఉన్నవారు, ఎదుటివాడి కష్టానికి కరిగేవారు.

ఇదే కథకు మన దేశంలో ఇంకో రూపం ఉంది, అది ఇంకా ఎక్కువ. మొదటి రూపంలో అతను అక్కడి నుంచి బయలుదేరలేకపోతాడు. రెండో రూపంలో ఢిల్లీలోనో ముంబైలోనో దిగి, బయటికి రాలేకపోతాడు. ఒక ఆడ గొంతు, కస్టమ్స్ నుంచి మాట్లాడుతున్నానని, మీ స్నేహితుడు డిక్లరేషన్ లేకుండా 50,000 పౌండ్ల డ్రాఫ్టుతో పట్టుబడ్డాడని, 35,000 రూపాయలు కడితే వదిలేస్తామని అంటుంది. కట్టాక మారకం రుసుము అంటారు, ఆ తర్వాత మనీ లాండరింగ్ సర్టిఫికెట్ అంటారు, ఆ తర్వాత ఉగ్రవాద నిరోధక ధ్రువపత్రం అంటారు. మెట్టు మెట్టుకూ మొత్తం పెరుగుతుంది. ఇప్పటిదాకా కట్టినది పోతుందేమోనన్న భయమే తర్వాతి మెట్టు ఎక్కిస్తుంది.

కస్టమ్స్ శాఖవారు ఫోన్ చేసి ఎవరి సొంత ఖాతాలోకీ డబ్బు వేయమని అడగరు. ఇది ఆ శాఖను చూసే కేంద్ర బోర్డే పదే పదే చెబుతున్న మాట. 2019 చివరి నుంచి ఆ శాఖ పంపే ప్రతి కాగితం మీద డిన్ అనే ఒక గుర్తింపు సంఖ్య ఉండాలి. ఆ సంఖ్యను బోర్డు వెబ్‌సైటులో కొట్టి, కాగితం అసలుదో నకిలీదో మనమే చూసుకోవచ్చు. ఉత్తరం వస్తే ముద్ర ఎంత పెద్దగా ఉందో చూడకండి, డిన్ ఉందా అని చూడండి.

ఇప్పటివరకు చెప్పిందాంట్లో ఒక చోట మీకు సందేహం రావాలి. రావడం న్యాయం కూడా. మా అబ్బాయి థాయిలాండ్ వెళ్ళినప్పుడు డబ్బు చూపించమన్నారే, అది నిజం కాదా అని మీరు అడగవచ్చు. అది నిజమే. కానీ అది విడిచి వెళ్ళే దేశం పెట్టిన నియమం కాదు, చేరే దేశం పెట్టినది. మా దేశానికి వచ్చి, ఇక్కడ తిండికీ బసకూ మా మీద పడవు కదా అని చేరే దేశం చూసుకుంటుంది. థాయిలాండ్‌లో దిగి వీసా తీసుకునేవాణ్ణి 10,000 బాట్లు, కుటుంబమైతే 20,000 బాట్లు ఉన్నాయా అని అడుగుతారు. యూరప్ దేశాలు వీసాకే బ్యాంకు స్టేట్‌మెంట్లు చూస్తాయి. దుబాయ్‌కి విజిట్ వీసా మీద వెళ్ళేవారిని 2024లో 3,000 దిర్హమ్‌లు, తిరుగు టికెట్, బస ఆధారం ఉన్నాయా అని విమానం ఎక్కే ముందే అడగడం బాగా పెరిగింది. అక్కడైనా డబ్బు ప్రయాణికుడిదే, చూపించాక అతని దగ్గరే ఉంటుంది, కార్డులో ఉన్నా చాలు.

ఇలా చూపించే డబ్బును షో మనీ అంటారు. ఈ షో మనీ అన్న మాట మన ఇళ్ళకు చాలా దగ్గరది. జగిత్యాల, కరీంనగర్, నిజామాబాద్ వైపు నుంచి, కడప జిల్లా నుంచి, కోనసీమ నుంచి గల్ఫ్‌కు పోయిన మనిషి లేని ఊరు అరుదు. అక్కడ ఏజెంటు ఏం చేస్తాడు? షో మనీ నేను సర్దుతాను అని మళ్ళీ వడ్డీతో వసూలు చేస్తాడు. ఇమిగ్రేషన్‌లో సెట్టింగ్‌కు ఇంత అంటాడు. విజిట్ వీసా మీద పంపి, అక్కడ మార్చేస్తారు అంటాడు. వెళ్ళినవాడు గడువు దాటాక కల్లివల్లి, అంటే చట్టవిరుద్ధంగా ఉండిపోయినవాడు, అయిపోయి, కాగితం లేకుండా, జీతం అడిగే ధైర్యం లేకుండా మిగిలిపోతాడు. నాకు ఈ పిల్లల మీద ఉన్న బాధ ఇంతా అంతా కాదు. అప్పు చేసి వెళ్ళే పిల్లవాడి దగ్గర, చట్టంలో లేని రుసుములు వసూలు చేయడం కన్నా నీచమైన పని ఏముంది?

వాళ్ళకు సంబంధించిన చట్టం 1983 నాటి వలసల చట్టం. సాధారణంగా పదో తరగతి పాస్ కానివారి పాస్‌పోర్టు ఇ.సి.ఆర్., అంటే వలస అనుమతి తప్పనిసరి అయిన రకం. వాళ్ళు ఉద్యోగానికి గల్ఫ్ దేశాలతో సహా 18 దేశాలకు వెళ్ళాలంటే ఇ-మైగ్రేట్ అనే ప్రభుత్వ పోర్టల్ ద్వారా ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనే వలసల అధికారి అనుమతి ఉండాలి. రిజిస్టర్ అయిన ఏజెంటు తీసుకోదగిన సేవా రుసుముకు హద్దు 30,000 రూపాయలు, దాని మీద జి.ఎస్.టి. అంతే. రసీదు ఇవ్వాలి. ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద 10 లక్షల రూపాయల బీమా, రెండేళ్ళకు ప్రీమియం 275 రూపాయలు. ఏజెంటు రిజిస్టర్ అయ్యాడా లేదా అన్నది ఇ-మైగ్రేట్‌లోనే చూడవచ్చు. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్ విదేశీ ఉద్యోగాలకు పంపే ప్రభుత్వ సంస్థలే. ఇమిగ్రేషన్ కౌంటర్ దగ్గర దేశం విడిచి వెళ్ళే భారతీయుడు స్టాంపు కోసం కట్టవలసిన రుసుము ఏదీ లేదు. సెట్టింగ్ అన్న మాట ఎవరి నోట విన్నా అక్కడే ఆగిపోవాలి. 2024లో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టిన కాంబోడియా కేసు మీరు పత్రికల్లో చదివే ఉంటారు. డేటా ఎంట్రీ ఉద్యోగమని తీసుకుపోయిన మన పిల్లల చేత, అక్కడ నిర్బంధించి, మన దేశంలోనివాళ్ళను ఫోన్లలో మోసం చేయించారు. అంటే ఒక ఇంట్లో పెద్దావిడకు మందులు వేసుకున్నారా అని సందేశం పంపే చేయి, ఒక్కోసారి ఇంకో ఇంటి నుంచి మోసపోయి వెళ్ళిన పిల్లవాడిది కావచ్చు.

ఇంట్లోవాళ్ళుగా మనం ఏం చేయాలి? ఇలా చిక్కుకున్నవారిని తిట్టవద్దు. ఈ వయసులో ఇదేమిటి అని ఒక్క మాట అంటే చాలు, ఆ మనిషి ఇక మనకు ఏమీ చెప్పరు. చెప్పుకునేందుకు ఆ మోసగాడొక్కడే మిగులుతాడు. పక్కన కూర్చుని ఆ ఉత్తరం చూపించమనండి. డబ్బు ఎవరి పేరున, ఏ ఖాతాకు అని అడగండి. అతను నిజంగా తాను చెప్పుకునే దేశపు పౌరుడైతే, ఇరుక్కుపోయినప్పుడు సాయం చేయడానికి అతని సొంత దేశపు రాయబార కార్యాలయం ఉంటుంది, దాన్ని అడగమనండి. దానికి అతను ఏం జవాబిస్తాడో వారినే చదవనివ్వండి. మన బంధువే విదేశంలో నిజంగా చిక్కుకుంటే మన రాయబార కార్యాలయం ఉంది, ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం ఉంది. మీ బ్యాంకులో కౌంటర్ దగ్గర కుర్రవాడు రెండు ప్రశ్నలు ఎక్కువ అడిగితే కోపం తెచ్చుకోకండి. అడగనిచ్చి, జవాబు చెప్పండి.

డబ్బు పంపేసి ఉంటే, ఆలోచించకుండా సైబర్ మోసాల సహాయ నంబరు 1930కు ఫోన్ చేయండి. ఆ నిమిషమే చేయండి. జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో కూడా ఫిర్యాదు నమోదు చేయవచ్చు. ఇంకో హెచ్చరిక. పోయిన డబ్బు రాబడతామని, మేము లాయర్లమని, ఇంటర్‌పోల్ అని కొన్నాళ్ళకు ఇంకొకడు ఫోన్ చేస్తాడు. అది అదే ముఠా చేసే రెండో వసూలు. దానికీ ముందు కొంత కట్టమంటారు.

ఇక ప్రశ్నలు ఉంటే అడగండి. ముందు వరుసలో అమ్మగారు చాలాసేపటి నుంచి చెయ్యి ఎత్తి ఉంచారు. పోయిన డబ్బు తిరిగి వస్తుందా అని అడుగుతున్నారు. అమ్మా, అబద్ధం చెప్పను. విదేశానికి ఎల్.ఆర్.ఎస్. కింద పోయిన డబ్బు తిరిగి రావడం చాలా కష్టం. మన దేశంలోని ఖాతాలకు పోయి, ఎవరూ తీసేసుకోకముందే 1930లో ఫిర్యాదు అందితే, ఆ ఖాతాలో ఉన్నంతమట్టుకు ఆపుతారు. ఆపిన డబ్బును చాలావరకు కోర్టు ఉత్తర్వుతో వెనక్కి ఇస్తారు. తెలంగాణలో లోక్ అదాలత్‌ల ద్వారా కూడా చాలామందికి ఇప్పించారు. అందుకు మీ దగ్గర ఉండవలసినవి ట్రాన్సాక్షన్ నంబర్లు, తేదీలు, ఏ ఖాతాకు వేశారో ఆ వివరం, వాళ్ళ సందేశాల స్క్రీన్‌షాట్లు. సిగ్గుపడి చాట్లు చెరిపేయకండి. మా ఉపాధ్యాయిని చెరిపేశారు. స్టేషన్లో ఇవ్వడానికి ఆమె దగ్గర పాస్‌బుక్ తప్ప ఏమీ మిగలలేదు. మీ సంగతి ఏమైనా ఉంటే, సమావేశం అయ్యాక నేను ఆ కిటికీ పక్కన కూర్చుంటాను, వచ్చి చెప్పండి. ఇద్దరం కలిసి ఫోన్ చేద్దాం.